చిక్ వెబ్: సవోయ్‌లో మోగిన డ్రమ్ము రికార్డుల్లో ఎంత మిగిలింది?

శ్రుతిపేటిక

1930ల అమెరికాలో పెద్ద బృందాలు నాట్యం కోసం వాయించిన జాజ్, అంటే స్వింగ్ సంగీతం మీద ఈ వేదికలో ఎప్పుడు మాట వచ్చినా డ్రమ్మర్ల ప్రస్తావన జీన్ క్రూపాతో మొదలై బడ్డీ రిచ్‌తో ముగుస్తోంది. ఆ ఇద్దరూ ఎంతో గౌరవంతో తలుచుకున్న చిక్ వెబ్ గురించి ఇక్కడ విడిగా ఒక్క చర్చ కూడా కనిపించదు. ఆ లోటు తీరాలన్న కోరికతో ఈ శీర్షిక మొదలుపెడుతున్నాను.

కొత్తగా వచ్చినవారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఆయన అసలు పేరు విలియం హెన్రీ వెబ్. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రపు బాల్టిమోర్‌లో పుట్టి, 1920ల నడిమిలో న్యూయార్క్ చేరి, ఆ నగరపు నల్లవారి పేట హార్లెంలో ఉన్న సవోయ్ బాల్‌రూమ్ అనే నాట్యశాలలో ఏళ్ళ తరబడి తన బృందాన్ని నడిపి, 1939 జూన్ 16న కన్నుమూశారు. పసితనంలో వెన్నెముకకు సోకిన క్షయ వల్ల గూని ఏర్పడి, ఆయన ఎత్తు నాలుగడుగులకు కాస్త పైన ఆగిపోయింది. ఎల్లా ఫిట్జెరాల్డ్ మొదట పేరు తెచ్చుకున్నది ఈయన బృందంలోనే.

నా ప్రశ్న రికార్డుల గురించి. సవోయ్‌లో ఆయన వాయిద్యాన్ని దగ్గర నుంచి విన్న సంగీతకారులందరూ ఆ డ్రమ్ము బలాన్ని గురించి ఒకే గొంతుతో మాట్లాడతారు. కానీ 1929 నుంచి 1939 దాకా వచ్చిన ఆయన రికార్డులు వరుసగా వింటే, ట్రంపెట్లూ శాక్సొఫోన్లూ స్పష్టంగా వినిపిస్తున్నంతగా డ్రమ్ము వినిపించదు. కొన్ని పాటల్లో అది గోడకు అవతల మోగుతున్నట్టు ఉంటుంది. ఈ తేడాకు కారణాలేమిటి? ఉన్న రికార్డుల్లో ఆయనను పట్టుకోవాలంటే ఏవి వినాలి, ఎలా వినాలి? అనుభవజ్ఞులు వివరంగా రాస్తారని ఆశిస్తున్నాను.

తూర్పుతీరం

శ్రుతిపేటిక గారూ, నేను మేరీలాండ్‌లో స్థిరపడినవాడిని కనుక రికార్డుల కంటె ముందు మనిషి గురించి రాయాలనిపిస్తోంది.

వెబ్ పుట్టినది ఫిబ్రవరి 10న. సంవత్సరం విషయంలో మాత్రం 1902 నుంచి 1909 దాకా వేర్వేరు అంకెలు అచ్చయ్యాయి. ఈనాటి పరిశోధకులు ఎక్కువగా 1905నే స్వీకరిస్తున్నారు. తూర్పు బాల్టిమోర్‌లోని నల్లవారి పేటలో, తల్లి తరఫు తాతగారి ఇంట్లో ఆయన పెరిగారు. జబ్బు వల్ల బిగుసుకుపోయిన అవయవాలకు కదలిక వస్తుందని డ్రమ్ము వాయించమని వైద్యుడు చెప్పాడన్న కథ దాదాపు ప్రతి జీవితచరిత్రలోనూ ఉంటుంది. అందులో వైద్యం పాలు ఎంతో గాని, పట్టుదల పాలు మాత్రం ఎక్కువే. ఆ పిల్లవాడు వీధుల్లో వార్తాపత్రికలు అమ్మి, కూడబెట్టిన డబ్బుతో తన మొదటి డ్రమ్ములు కొనుక్కున్నాడు. చెసపీక్ అఖాతంలో విహారయాత్రలకు తిరిగే పడవల మీద వాయించే ఒక బృందంలో చేరి, అక్కడే గిటారిస్టు జాన్ ట్రూహార్ట్‌తో స్నేహం కుదుర్చుకున్నాడు. ఇద్దరూ కలిసే న్యూయార్క్ వెళ్ళారు. 1930ల మొదటి సగంలో వెబ్ బృందం ఇచ్చిన రికార్డుల్లో మీరు వినే గిటారు ఆ ట్రూహార్ట్‌దే.

న్యూయార్క్‌లో తొలి ఆసరా జాజ్ బృందనాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ నుంచి వచ్చింది. 1926లో ఒక క్లబ్బులో వాయించడానికి చిన్న బృందం కావాలని అడిగినవారికి ఆయన వెబ్ పేరు చెప్పారు. అంతకుముందు బృందనాయకత్వం మీద వెబ్‌కు పెద్దగా ఆసక్తి లేదట. తరువాతి కాలంలో ఎల్లింగ్టన్ బృందానికి ప్రాణమైన ఆల్టో శాక్సొఫోను విద్వాంసుడు జానీ హాడ్జెస్ తొలినాళ్ళలో వెబ్ దగ్గర వాయించినవాడే.

సవోయ్ బాల్‌రూమ్ 1926 మార్చి 12న తెరుచుకుంది. లెనాక్స్ అవెన్యూ మీద 140వ వీధి నుంచి 141వ వీధి దాకా పరుచుకున్న ఆ నాట్యశాలలోకి నల్లవారికీ తెల్లవారికీ ఒకే ద్వారం, లోపల ఒకే నేల. ఆనాటి న్యూయార్క్‌లో అది ఎంత అరుదో చెప్పాలంటే, అదే హార్లెంలో నల్ల కళాకారులు వేదికనెక్కే కాటన్ క్లబ్బులో ప్రేక్షకులుగా తెల్లవారికే ప్రవేశం. వెబ్ 1927 నుంచి సవోయ్‌కు వస్తూ పోతూ, 1930ల తొలినాళ్ళకు ఆ చోటికి సొంతవాడయ్యారు. లిండీ హాప్ నాట్యం రూపుదిద్దుకున్నది ఆ నేల మీదే. వెబ్ చేతివాటం ఎలా ఏర్పడిందో అర్థం చేసుకోవాలంటే, ఆయన కూర్చుని వినేవారి కోసం కాక, ఎదుట ఎగిరి దూకే నర్తకుల కాళ్ళ కోసం వాయించేవారన్న సంగతి మనసులో పెట్టుకోవాలి.

డెబ్బైఎనిమిది

రికార్డుల సంగతి నేను చెబుతాను. నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగే పాత గ్రామఫోను పళ్ళాలను సేకరించి, శుభ్రం చేసి, వాటిని డిజిటల్ రూపంలోకి ఎక్కించే పని నాకు చాలాకాలంగా అలవాటు.

1925కు ముందు రికార్డింగు అంటే ఒక పెద్ద బాకా ముందు అందరూ గుమిగూడి వాయించడమే. గాలి కదలికే నేరుగా సూదిని కదిలించేది. బాస్ డ్రమ్ముకు చోటు ఉండేది కాదు, ఎందుకంటే దాని దెబ్బకు సూది గాడి తప్పేది. అందుకే ఆ కాలపు జాజ్ రికార్డుల్లో డ్రమ్మరు చెక్కముక్కల మీదా, ఆవు మెడగంట వంటి చిన్న గంట మీదా వాయించడమే వింటాం. 1925లో మైక్రోఫోను వచ్చాక పరిస్థితి మెరుగుపడింది గాని, భయం పోలేదు. మందమైన మైనపు పలక మీద గాడిని అప్పటికప్పుడు కోసేవారు. బాస్ డ్రమ్ము గట్టిగా మోగితే గాడి వెడల్పై పక్క గాడిని తాకుతుంది, ఆ పలక పనికిరాదు. దిద్దుబాటు అన్న మాటే లేదు. తప్పు జరిగితే కొత్త పలక పెట్టి మొదటి నుంచి వాయించాల్సిందే. కనుక డ్రమ్ములను మైక్రోఫోనుకు దూరంగా ఉంచడం, చేతిని అదుపులో పెట్టుకోమని డ్రమ్మరుకు చెప్పడం స్టూడియోల్లో మామూలు విషయం. శ్రుతిపేటిక గారు చెప్పిన "గోడకు అవతల" అన్న అనుభూతికి మొదటి కారణం ఇదే.

రెండవది నిడివి. పది అంగుళాల పళ్ళెంలో ఒక వైపు సుమారు 3 నిమిషాలు పడుతుంది. సవోయ్‌లో నర్తకుల ఊపు తగ్గేదాకా సాగదీసే పాటను ఆ మూడు నిమిషాల్లో ఇమిడ్చాలంటే ముందుగా పోయేది డ్రమ్ము స్వైరవిహారమే.

ఇక క్రమం చెబుతాను. తొలి పళ్ళాలు 1929 జూన్‌లో బ్రన్స్‌విక్ కంపెనీకి "జంగిల్ బ్యాండ్" అన్న పేరుతో వచ్చిన "డాగ్ బాటమ్", "జంగిల్ మామా". పళ్ళెం మీద వెబ్ పేరే లేదు. 1931 మార్చిలో బెన్నీ కార్టర్ కూర్పుతో "హీబీ జీబీస్" చేశారు. అది ఈనాటికీ తాజాగా ఉంటుంది. 1932 డిసెంబరులో విక్టర్ కంపెనీకి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడి వాయించిన కొన్ని పాటలకు వెనుక ఉన్నది వెబ్ బృందమే. 1933 చివరి నుంచి 1934 వేసవి దాకా కొలంబియా, ఓకే ముద్రలతో పళ్ళాలు వచ్చాయి. 1934 మే నెలలో "స్టాంపిన్ ఎట్ ది సవోయ్" పుట్టింది అప్పుడే. ఆ సెప్టెంబరు నుంచి చివరిదాకా డెక్కా కంపెనీకే. అమెరికా డెక్కా 1934లోనే మొదలై, పోటీదారులు 75 సెంట్లకు అమ్ముతున్న పళ్ళాన్ని 35 సెంట్లకే ఇచ్చి, ఆర్థికమాంద్యపు రోజుల్లో మార్కెట్టును పట్టుకుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. డెక్కా వెబ్‌ను ప్రతి ఇంటికీ చేర్చింది, కానీ ఆయన డ్రమ్మును చేర్చలేదు. ఆ సంస్థ అధిపతి జాక్ కాప్‌కు కావలసినది జనం తేలికగా కూనిరాగం తీసుకోగల పాట. 1935 తరువాత వెబ్ బృందపు పళ్ళాల్లో సగానికి పైగా గాత్రప్రధానమైనవే కావడానికి కారణం అదే.

పిల్లనగ్రోవి

డెబ్బైఎనిమిది గారూ, సాంకేతిక కారణాలను మీరు ఎంతో చక్కగా విడమరచి చెప్పారు. చివరి పేరాతో మాత్రం నేను ఏకీభవించలేను.

ఎల్లా ఫిట్జెరాల్డ్ రాకను డెక్కా వ్యాపారబుద్ధికి అంటగట్టడం న్యాయం కాదు. 1934 నవంబరు 21న అపోలో థియేటర్‌లో ఔత్సాహికుల పోటీ గెలిచిన 17 ఏళ్ళ పిల్ల ఆమె. తల్లి పోయి, నిలువనీడ లేక, వీధుల్లో గడిపిన పిల్ల. మరుసటి ఏడు ఆమెను వెబ్ దగ్గరికి తీసుకొచ్చినప్పుడు, ఆమె వేషం చూసి ఆయన మొదట వెనకాడినా, పాట విన్నాక బృందంలో చేర్చుకున్నారు. చట్టబద్ధంగా దత్తత తీసుకున్నారని పత్రికలు రాసినది నిజం కాదు, కానీ ఆమెకు దారి చూపిన పెద్దదిక్కు ఆయనే. 1935 జూన్ 12న ఆమె మొదటి పళ్ళాలు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి బృందానికి ఆమే ఆకర్షణ. ఆమెకు పాటలు ఎక్కువ ఇవ్వాలన్న నిర్ణయంలో వెబ్ సొంత ఆలోచన కూడా ఉంది. ఆయనకు సవోయ్ దాటి దేశమంతటా వినిపించాలన్న కోరిక చాలా గట్టిది. ఇతర బృందాలు తన పాటలతోనే కీర్తి గడిస్తుంటే చూస్తూ ఉండవలసి వచ్చిన మనిషి ఆయన.

1938 మే 2న "ఎ-టిస్కెట్ ఎ-టాస్కెట్" రికార్డు చేశారు. పిల్లలు గుండ్రంగా కూర్చుని ఆడుకునే ఆటపాటను ఎల్లా, బృందపు కూర్పరి వాన్ అలెగ్జాండర్ కలిసి మలిచారు. ఆ వేసవిలో అది పది వారాల పాటు దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ పాటలో డ్రమ్ము వెనక్కి తగ్గి ఉంటుంది, నిజమే. అయితే మరోసారి విని చూడండి: ఎల్లా ఒక వాక్యం ముగించగానే బృందం గొంతులు కలిపి జవాబు చెప్పే చోట్ల, ఆ రెండింటినీ అతుకు తెలియకుండా కలిపేది వెబ్ చెయ్యే. గాయనికి అడ్డు రాకుండా పాటను మోయడం కూడా గొప్ప డ్రమ్మరు చేసే పనే. దాన్ని మనం నష్టాల ఖాతాలో వేయకూడదు.

నాలుగోకాలం

నేను డ్రమ్ కిట్ వాయించేవాడిని కనుక, ఆయన వాయిద్యం గురించీ చేతి పద్ధతి గురించీ రాస్తాను. ఇది తెలిస్తే వినడం సులువవుతుంది.

ఆయన డ్రమ్ములు గ్రెష్ కంపెనీవి. బాస్ డ్రమ్ము వ్యాసం 28 అంగుళాలు. దాని వెనుక ఆ చిన్న శరీరం దాదాపు మరుగునపడిపోయేది. అందుకని ఆయనకు ఎత్తైన ఆసనం, కాలికి అందేలా మార్చిన పెడళ్ళు, చక్రాల మీద కదిలే ఒక లోహపు చట్రం అమర్చారు. ఆ చట్రం మీద బాస్ డ్రమ్ముకు పైన టెంపుల్ బ్లాకులు వరుసగా ఉండేవి. అవి చేపనోరులా చీలిక ఉన్న, చెక్కతో చేసిన బోలు గుండ్లు. వాటి పక్కన చిన్న గంట, వేలాడే సింబళ్ళు, అంటే పెద్ద లోహపు తాళాలు. ఫొటోలలో చూస్తే ప్రతి వస్తువూ ఆయన మోచేయి చాచినంత దూరంలోనే ఉంటుంది. వృథాగా కదలవలసిన పని లేదు. అంత వేగంలోనూ ఒక్క దెబ్బ కూడా మసకబారకుండా పలకడానికి ఈ అమరికకూ సంబంధం ఉంది.

కాలి పని మొదట వినండి. ఆనాటి చాలామంది డ్రమ్మర్ల కాలు ఒక ఆవృత్తిలో రెండు దెబ్బలు గట్టిగా వేసేది. వెబ్ నాలుగూ వేసేవారు, కానీ తంత్రీబాస్ నాదాన్ని మింగెయ్యకుండా, దాని కింద పరుపులా పరిచేవారు. అందుకే జాన్ కర్బీ వంటి బాసిస్టు ఆయన దగ్గర ఉన్నకాలపు పళ్ళాల్లో లయ ఎంతో తేలికగా ముందుకు సాగుతుంది. తరువాత ఎడమచేయి. ఇత్తడి వాద్యాల వరుస ఒక అక్షరం మీద విరుచుకుపడబోతోందనగా, దానికి అరక్షణం ముందు స్నేర్ మీద, అంటే అడుగున తీగలు బిగించిన చిన్న డ్రమ్ము మీద, ఒక చిన్న పిలుపు వస్తుంది. ఆ పిలుపు లేకపోతే ట్రంపెట్ల దెబ్బ బోసిగా ఉంటుంది. వెబ్ బృందపు కూర్పరి ఎడ్గార్ సాంప్సన్ కూర్పులన్నిటిలోనూ ఈ పిలుపులు లెక్కలేనన్ని ఉన్నాయి.

ఇప్పుడు ఒక పోలిక విని చూడమని సభ్యులందరినీ కోరుతున్నాను. "డోంట్ బీ దట్ వే" సాంప్సన్ కూర్చిన పాట. వెబ్ బృందం దాన్ని 1934 నవంబరు 19న డెక్కాకు రికార్డు చేసింది. క్లారినెట్ విద్వాంసుడు, బృందనాయకుడు బెన్నీ గుడ్‌మన్ అదే పాటతో 1938 జనవరి 16న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ కచేరీ ప్రారంభించారు. గుడ్‌మన్ నడక నెమ్మది, నిగారింపు ఎక్కువ. వెబ్ నడక వేగం, అంచులు పదును. కార్నెగీ హాల్‌లో గుడ్‌మన్ డ్రమ్మరు క్రూపా వేసిన విరామపు దెబ్బకు సభ మేలుకొన్నదని అందరూ రాస్తారు. అటువంటి విరామాలను వెబ్ మూడేళ్ళ ముందే, అంతకంటె తక్కువ చోటులో, పాట ఊపిరి ఆగకుండా వేసి చూపించారు. వాటిని వినడానికి కావలసినది కొంచెం ఓపిక.

శ్రుతిపేటిక

నాలుగోకాలం గారూ, మీరు చెప్పిన పోలిక వరుసగా రెండుసార్లు విన్నాను. 1934 పళ్ళెంలో ఆ స్నేర్ పిలుపులు ఒకసారి చెవిన పడ్డాక ఇక వాటిని వినకుండా ఉండడం సాధ్యం కావడం లేదు.

దీనికి కొనసాగింపుగా ఒక మాట. క్రూపా పేరు ఇంత పాతుకుపోవడానికి ప్రధాన కారణం "సింగ్ సింగ్ సింగ్". గుడ్‌మన్ బృందం దాన్ని 1937 జూలైలో విక్టర్‌కు రికార్డు చేసినప్పుడు పన్నెండు అంగుళాల పళ్ళెం రెండు వైపులా ఇచ్చి, ఎనిమిది నిమిషాలకు పైగా సాగనిచ్చారు. పాట మొత్తాన్ని నడిపేది టామ్‌టామ్‌ల, అంటే లోతైన నాదమున్న డ్రమ్ముల, మోత. వెబ్‌కు అటువంటి అవకాశం ఒక్కసారైనా దక్కలేదు. వేదిక మీద ఆ ఇద్దరిలో ఎవరిది పైచేయి అన్నది నాట్యశాలలో తేలిన విషయం. రికార్డుల దుకాణంలో మాత్రం ఒకరికి ఎనిమిది నిమిషాలు, మరొకరికి మూడు నిమిషాల్లో ఒక మూల. పిల్లనగ్రోవి గారి వాదనను గౌరవిస్తూనే, ఈ అన్యాయం మాత్రం నాకు మింగుడుపడటం లేదని చెప్పాలి.

మద్దెల

ఈ చర్చను మొదటి నుంచి ఆసక్తిగా చదువుతున్నాను. నేను మృదంగం నేర్చుకుని, కచేరీల్లో పక్కవాద్యం వాయిస్తున్నవాడిని. జాజ్‌తో పరిచయం ఈ మధ్యనే కలిగింది.

మా దగ్గర ఒక మృదంగ విద్వాంసుణ్ణి తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగానికి విడిగా ఇచ్చే వంతు, బట్టి సామాన్య శ్రోత అంచనా వేస్తాడు. తెలిసినవారు కీర్తన నడుస్తున్నప్పుడు, చరణంలో గాయకుడు ఎత్తుకునే చోట, ఆ చెయ్యి ఏం చేసిందో చూస్తారు. పిల్లనగ్రోవి గారూ, నాలుగోకాలం గారూ వెబ్ గురించి చెబుతున్నది ఇదేనని నాకు అర్థమైంది. ఆ దృష్టితో చూస్తే రికార్డుల్లో ఆయన మనం అనుకుంటున్నంతగా నష్టపోలేదేమో.

నాకు ఒక సందేహం ఉంది. పదమూడు పద్నాలుగు మంది వాయించే బృందంలో, కాగితం మీద రాసిన కూర్పులకు ఇంత ఖచ్చితంగా పిలుపులు వేయాలంటే స్వరలిపి బాగా చదవగలిగి ఉండాలి కదా? ఆయనకు ఆ శిక్షణ ఎక్కడ దొరికింది?

నాలుగోకాలం

మద్దెల గారూ, మంచి ప్రశ్న అడిగారు. వెబ్‌కు స్వరలిపి చదవడం రాదు. బృందం సాధన చేస్తున్నప్పుడు పక్కన నిలబడి, కూర్పు మొత్తాన్ని ఒకటి రెండుసార్లు విని, ప్రతి వాద్యం ఏ చోట ఏమి పలుకుతుందో జ్ఞాపకంలో నిలుపుకునేవారు. ఆ తరువాత తప్పు వాయించినవారికి వారి వరుసను నోటితో పాడి వినిపించేవారట. సాంప్సన్ వంటి చదువుకున్న కూర్పరికి ఆయన ఇచ్చిన గౌరవం, ఆ కూర్పుకు తన చేతితో ఇచ్చిన రూపం, రెండూ ఆ జ్ఞాపకశక్తి నుంచే వచ్చాయి.

ఆయన డ్రమ్ము ముందుకు వచ్చి మోగిన సందర్భాలు కూడా కావాలంటే మూడు పళ్ళాలు చెబుతాను. 1937 మార్చిలో చేసిన "క్లాప్ హాండ్స్, హియర్ కమ్స్ చార్లీ". 1937 నవంబరు 1న చేసిన "హార్లెం కాంగో". 1938 మేలో చేసిన "లైజా". వీటిలో "హార్లెం కాంగో" నాకు అన్నిటికంటె ఇష్టం. పాట మొదటి నుంచి చివరిదాకా పరుగే. ట్రంపెట్టులో టాఫ్ట్ జోర్డన్, ట్రాంబోనులో శాండీ విలియమ్స్ తమ వంతులు ముగించాక, చివరి భాగంలో డ్రమ్ము ముందుకు వస్తుంది. గమనించవలసినది ఏమిటంటే, ఆ కొద్ది క్షణాల్లో ఆయన వేగం చూపించడానికి తాపత్రయపడరు. స్నేర్ మీద పదాన్ని ఎత్తుకుని, దాన్ని టామ్‌టామ్ మీదికి దించి, సింబల్‌తో కత్తిరించి, మళ్ళీ అదే పదాన్ని తలకిందులు చేసి చెబుతారు. విన్నవాడికి పాట రాగం లోపల ఇంకా నడుస్తున్నట్టే ఉంటుంది. బృందం తిరిగి అందుకున్నప్పుడు అతుకు కనిపించదు.

చిన్న బృందంతో చేసినవి కూడా వదలకండి. 1937లో "లిటిల్ చిక్స్" అన్న పేరుతో అయిదుగురు కలిసి కొన్ని పాటలు రికార్డు చేశారు. వాటిలో వేమన్ కార్వర్ పిల్లనగ్రోవి, క్లారినెట్ జంటగా నడుస్తుంటే వెబ్ అతి తక్కువ ధ్వనితో వాయించారు. ఆ కాలపు జాజ్‌లో పిల్లనగ్రోవి వినడమే అరుదు. వాద్యాలు తక్కువ కనుక ఆయన దెబ్బ తీరు అక్కడ తేటగా తెలుస్తుంది.

తూర్పుతీరం

శ్రుతిపేటిక గారు నాట్యశాలలో తేలిన విషయం అన్నారు కనుక, ఆ పోటీల గురించి కొంచెం రాస్తాను. సవోయ్‌లో రెండు వేదికలు పక్కపక్కనే ఉండేవి. ఒక బృందం ఆపగానే రెండవది అందుకునేది. పోటీ రాత్రుల్లో జనం కేరింతలే తీర్పు.

1937 మే 11న గుడ్‌మన్ బృందం సవోయ్‌కు వచ్చింది. అప్పటికి గుడ్‌మన్ దేశమంతటా స్వింగ్ రాజు అనిపించుకుంటున్నారు. ఆయన బృందానికి పేరు తెచ్చిన పాటల్లో కొన్ని వెబ్ బృందపు సాంప్సన్ కూర్చినవే. ఆనాడు సుమారు 4,000 మంది లోపల కిక్కిరిసిపోగా, మరో 5,000 మంది వీధిలో మిగిలిపోయారని పత్రికలు రాశాయి. పోలీసులు వచ్చి అదుపు చేయవలసి వచ్చింది. గుడ్‌మన్ పాటకు అదే పాటతో వెబ్ జవాబు చెప్పిన చోట జనం ఊగిపోయారు. పోటీ ముగిశాక క్రూపా లేచి వెబ్‌కు తలవంచి నమస్కరించారు. ఆ తరువాత జీవితమంతా క్రూపా ఆ ఓటమిని దాచుకోకుండా చెప్పుకున్నారు. ఆ మర్యాద నాకు ఎంతో నచ్చుతుంది.

అన్ని రాత్రులూ గెలిచినవి కావు. అదే 1937 మార్చిలో ఎల్లింగ్టన్ బృందం తమను ఓడించిందని వెబ్ బృందంలోని వారే ఒప్పుకున్నారు. 1938 జనవరి 16న, అంటే కార్నెగీ హాల్ కచేరీ జరిగిన రాత్రే, కౌంట్ బేసీ బృందంతో పోటీ జరిగింది. ఒక పత్రిక వెబ్‌కూ మరొకటి బేసీకీ విజయం కట్టబెట్టాయి. ఈ రాత్రుల్లో ఏ ఒక్కటీ రికార్డు రూపంలో మనకు అందలేదు. చలనచిత్రంలో కూడా 1929 నాటి ఒక లఘుచిత్రంలో బృందం కొద్దిసేపు కనిపించడం తప్ప దాదాపు ఏమీ మిగల్లేదు.

డెబ్బైఎనిమిది

తూర్పుతీరం గారు రాసినదానికి కొనసాగింపుగా ఒక ఊరట కలిగించే మాట చెబుతాను. 1939లో వెబ్ బృందం రేడియో కోసం వాయించినవి మిగిలాయి. జనవరిలో రేడియో కేంద్రాలకు పంపడానికి ప్రత్యేకంగా ముద్రించిన ట్రాన్స్‌క్రిప్షన్ పళ్ళాలు కొన్ని, మే 4న బోస్టన్‌లోని సౌత్‌లాండ్ అనే క్లబ్బు నుంచి ప్రసారమైన కార్యక్రమం ఒకటి. వాటిలో మైక్రోఫోనుకూ డ్రమ్ముకూ నడుమ స్టూడియో పెద్దల కట్టడి లేదు. బాస్ డ్రమ్ము గట్టిగా వినిపిస్తుంది, సింబల్ మోగి ఆరిపోవడం దాకా వినిపిస్తుంది. డెక్కా పళ్ళాల మీద నా ఫిర్యాదుకు ఆధారం ఈ ప్రసారాలే. ఒకే మనిషి, ఒకే బృందం, కొద్ది నెలల తేడా. పిల్లనగ్రోవి గారు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి విని, తమ అభిప్రాయం రాయాలని కోరుతున్నాను.

పిల్లనగ్రోవి

విన్నాను. బోస్టన్ ప్రసారంలోని డ్రమ్ము డెక్కా పళ్ళాల్లో లేదన్నది ముమ్మాటికీ నిజం. ఆ రాత్రి ఆయన పరిస్థితి తెలిసి వింటే గుండె బరువెక్కుతుంది. వెన్నెముక క్షయ చివరి దశకు వచ్చింది. 1938 నుంచి ఆసుపత్రికి వెళ్ళి వస్తూనే పర్యటనలు చేశారు. వాయించి దిగాక స్పృహ తప్పిన రాత్రులు ఉన్నాయని బృందసభ్యులు చెప్పారు. "ఎ-టిస్కెట్" పాటకు పెద్ద పేరు వచ్చి, చివరికి డబ్బు వస్తున్న సమయంలో, తాను ఆగితే వారి జీతాలు ఆగిపోతాయన్న ఆలోచన ఆయనను ఆసుపత్రిలో ఉండనివ్వలేదు.

ఎల్లా ప్రస్తావన తెచ్చినందుకు ఇది కూడా చెప్పాలి. 1939 ఫిబ్రవరిలో చేసిన "అన్‌డిసైడెడ్" డెక్కా పళ్ళెమే, గాత్రప్రధానమే. అయినా అందులో ఆమె పదాలను విరిచే తీరు వెబ్ స్నేర్ విరుపులకు ఎంత దగ్గరో చూడండి. ఆమె తరువాతి యాభై ఏళ్ళూ ఏ బృందంతో పాడినా లయ మీద ఆ నిబ్బరం వదలలేదు. ఆయన చేతి ముద్ర పడిన రికార్డుల లెక్కలో వాటినీ చేర్చాలని నా మనవి.

తూర్పుతీరం

బోస్టన్ తరువాత నెలన్నర తిరగకుండానే బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగింది, జూన్ 16న ప్రాణం పోయింది. 1905 లెక్కన వయసు 34. అంత్యక్రియల్లో ఎల్లా పాడారు. ఊరి శివార్లలోని ఆర్బటస్ స్మశానవాటికలో సమాధి ఉంది. తూర్పు బాల్టిమోర్‌లోని పేదపిల్లలకు ఆటపాటల స్థలం కావాలన్నది ఆయన కోరిక. మిత్రులు నిధులు సేకరించి, 1947లో ఆయన పేరుతో ఒక వినోదకేంద్రం తెరిచారు.

శ్రుతిపేటిక

అందరికీ కృతజ్ఞతలు. ఒక చివరి ప్రశ్న మిగిలింది. వెబ్ పోయాక ఎల్లా పేరుతో బృందం 1942 దాకా నడిచింది కదా. ఆ పళ్ళాలు వినదగ్గవేనా?

నాలుగోకాలం

వినదగ్గవే, పైగా ఈ చర్చకు అవసరమైనవి కూడా. డ్రమ్ముల దగ్గర బిల్ బీసన్ కూర్చున్నారు. మంచి డ్రమ్మరు, లయ తప్పనివాడు. 1939 ఫిబ్రవరి పళ్ళాలు కొన్ని, ఆ ఏడాది రెండవ సగంలోనివి కొన్ని తీసుకుని వరుసగా వినండి. వాయించేవారిలో చాలామంది పాతవారే, గాయని ఆమే, కంపెనీ కూడా అదే. వెబ్ ఉన్నప్పటి పళ్ళాల్లో ట్రంపెట్లు విరుచుకుపడే చోటికి అరక్షణం ముందు వచ్చే ఆ స్నేర్ పిలుపు ఎక్కడెక్కడ వినిపించిందో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకుని, తరువాతి పళ్ళాల్లో అటువంటి చోట్ల ఏముందో చూడండి. రెండు జాబితాలూ ఇక్కడ పెడితే మిగతా సభ్యులం కూడా కలిసి సరిచూద్దాం.